శ్రీకాకుళం, విజయనగరం కొండదారులు: మీ సైకిలుకు ఏది సరిపోతుంది?

ఇటలీలోని కియాంటీ ప్రాంతానికి దేశదేశాల నుంచి సైకిలు తొక్కేవాళ్లు వెళ్తుంటారు. అక్కడి వైను మీద మోజు ఒక్కటే కారణం కాదు. ద్రాక్ష కొండవాలులో బాగా పండుతుంది. వాలులో ఉన్న తోటకు బండి వెళ్లాలంటే సన్నటి దారి ఒకటి ఉండాలి. ఆ దారి తోట దగ్గరో, పక్క ఊళ్లోనో ఆగిపోతుంది కాబట్టి దూరప్రయాణపు లారీలకు దానితో పని ఉండదు. ఆ ప్రాంతంలోని గాయోలే అనే ఊళ్లో 1997లో మొదలైన పాత సైకిళ్ల యాత్ర వెనక ఉన్న కోరిక కూడా ఇదే: తోటల మధ్య మిగిలిన తెల్ల కంకర దారులు తారు కింద కనుమరుగు కాకూడదని.

మన దగ్గర ద్రాక్ష లేదు. ఆ పని మందస వైపు జీడిమామిడి చేస్తోంది, సీతంపేట ఏజెన్సీలో అనాస చేస్తోంది, శృంగవరపుకోట చుట్టుపక్కల మామిడి చేస్తోంది. తూర్పు కనుమలు ఉత్తరాంధ్రలో సముద్రానికి బాగా దగ్గరగా వస్తాయి. తెల్లవారుజామున రైలు దిగినవాడు ఎండ ముదిరేలోపు కొండ పాదాన్ని చేరుకోగలడు. అయితే ఏ కొండ ఎంత ఎత్తు అని చూసి దారి ఎంచుకోవడం దండగ అని నా అభిప్రాయం. ఆ రోడ్డు ఎవరి అవసరం మీద నడుస్తోందో ముందు కనుక్కోవాలి. క్వారీని నమ్ముకున్న రోడ్డు వారమంతా లారీలతో నిండి ఉంటుంది. సంతను నమ్ముకున్న రోడ్డు ఒక్క రోజే కిక్కిరిసి, మిగిలిన రోజుల్లో ఖాళీగా పడి ఉంటుంది. జలాశయం గట్టుకు మాత్రమే వెళ్లే రోడ్డు మీద ఆదివారం తప్ప అలికిడే ఉండదు.

ఒక మాట ముందే చెప్పాలి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక పాలకొండ, సీతంపేట శ్రీకాకుళం నుంచి, సాలూరు, పార్వతీపురం విజయనగరం నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. ఇక్కడ నేను పాత లెక్కే పట్టుకుంటున్నాను. బస్సులూ రైళ్లూ మనుషుల రాకపోకలూ ఇంకా ఆ లెక్కలోనే నడుస్తున్నాయి.

తాటిపూడి, ఆండ్ర: కొండ పక్కన ఉంటే చాలనుకునేవాళ్లకు

గేర్లు లేని సైకిలు ఉన్నవాళ్లు, ఇంట్లో పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు, కొండ ఎక్కడం కంటే కొండను చూస్తూ పోవడం ఇష్టమైనవాళ్లు విజయనగరం నుంచి గంట్యాడ మీదుగా తాటిపూడి వెళ్లడం మేలు. గోస్తనీ నదికి అడ్డంగా కట్టిన జలాశయం ఇది. విశాఖ నగరం తాగే నీళ్లలో కొంత ఇక్కడిదే. వెళ్లడానికి ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ అవుతుంది. దారి ఎగుడుదిగుడే తప్ప పెద్ద ఎక్కుడు లేదు. గట్టు మీదికి వచ్చాక ఒకవైపు నీళ్లు, అవతల అనంతగిరి వైపు లేచే కొండల వరుస. మామిడితోటలు దారి పొడవునా తగులుతూనే ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో సువర్ణరేఖ కాయ కోతకొచ్చినప్పుడు మాత్రం తోటల దగ్గర వ్యాన్లు అడ్డంగా ఆగి ఉంటాయి.

ఇక్కడి చిక్కు లారీ కాదు, ధాన్యం. డిసెంబరు, జనవరి నెలల్లో పల్లెల్లో రోడ్డే కళ్లం. తారు మీద వడ్లు పరిచి, బండ్లు తొక్కకుండా అంచున వరసగా రాళ్లు పేరుస్తారు. సాయంత్రం ధాన్యం ఎత్తుకుంటారు గానీ రాళ్లు చాలాసార్లు అక్కడే ఉండిపోతాయి. మంచు పట్టిన పొద్దున పిడికెడు రాయి కనబడదు, ముందు చక్రం దాని మీదికి ఎక్కితే నేరుగా కిందికే. ధాన్యం మీద నుంచి పోవడమూ తప్పే: గింజల మీద టైరు జారుతుంది, రైతు తిట్టే తిట్లకు బదులు చెప్పడానికి మన దగ్గర ఏమీ ఉండదు. మొక్కజొన్న కాలంలోనూ ఇదే తంతు. గోగు కోసిన ఊళ్లలో చెరువులో నానబెట్టిన కట్టెల వాసన ఊరికి ముందే ఎదురొస్తుంది, తర్వాత కల్వర్టు గోడల మీద ఆరేసిన నార కనిపిస్తుంది.

తాటిపూడికి ఆదివారం బోటు షికారు కోసం జనం వస్తారు. ఆ సందడి వద్దనుకుంటే మెంటాడ మండలంలో చంపావతి మీద ఉన్న ఆండ్ర జలాశయం చూడండి. గజపతినగరం దాకా రైలులోనో బస్సులోనో వచ్చి, అక్కడి నుంచి మెంటాడ మీదుగా వెళ్లవచ్చు. అక్కడ చూడటానికి ఏముందని ఎవరైనా అడిగితే ఏమీ లేదనే చెప్పాలి. నీళ్లు, కొండ, గొర్రెల మంద. ప్రశాంతత ఒక్కటే కొలమానమైతే ఈ రెండింటిలో నా ఓటు ఆండ్రకే. టిఫిను, టీ మాత్రం దారిలోనే ముగించుకుని వెళ్లాలి.

సీతంపేట: అన్నిటికన్నా మంచిది, అన్నిటికన్నా జాగ్రత్త కావలసినది

పాలకొండలో బయల్దేరి సీతంపేట మీదుగా కొత్తూరులో దిగే దారి ఈ రెండు పాత జిల్లాల్లో సైకిలుకు అచ్చంగా సరిపోయిన కొండదారి. పాలకొండ నుంచి సీతంపేట ఇరవై కిలోమీటర్ల లోపే. ఊరు దాటి కొండలు దగ్గరయ్యేకొద్దీ పొలాలు సన్నబడతాయి, అడవి మొదలవుతుంది. వాలుల్లో అనాస, జీడి, పసుపు కనిపిస్తాయి. సవర, జాతాపు గిరిజనులు ఉండే గూడలు (చిన్న పల్లెలు) రోడ్డుకు కాస్త లోపలికి ఉంటాయి. వాటికి వెళ్లే చిన్న రోడ్లలో చాలావరకు ఆ గూడ దగ్గరే ఆగిపోతాయి. కియాంటీ దారుల గురించి పైన చెప్పిన సుఖం ఇక్కడ దొరుకుతుంది.

సీతంపేటకు సోమవారం సంత. ఈ ఒక్క విషయం మీదే మీ ప్రయాణం రోజు తేల్చుకోవాలి. సోమవారం పొద్దున్నే ఆటోలు, జీపులు కిక్కిరిసి కొండల నుంచి దిగుతాయి. వాటి పైన కొండచీపుళ్ల కట్టలు, చింతపండు బుట్టలు, వానలు మొదలయ్యే రోజుల్లో అనాసపళ్లు. మలుపుల్లో వాటికి ఎదురెళ్లడం సైకిలు మీద ఉన్నవాడికి హాయి కాదు. సంత చూడాలని ఉంటే ఆదివారం రాత్రికే సీతంపేట చేరి, సోమవారం సైకిలు పక్కన పెట్టి నడిచి తిరగండి. ప్రశాంతంగా తొక్కాలని ఉంటే మంగళవారమో బుధవారమో వెళ్లండి. అదే రోడ్డు మీద అరగంట సేపు ఒక్క బండీ ఎదురుకాకపోవడం అప్పుడు మామూలే.

సీతంపేట నుంచి రెండు ఉపదారులు ఉన్నాయి. ఆడలి వ్యూ పాయింటు దారి నిటారుగా ఉంటుంది, మలుపులు చాలా బిగువుగా ఉంటాయి. ఎక్కడం దమ్ముకు పరీక్ష, దిగడం బ్రేకుకు పరీక్ష. రిమ్ము మీద రబ్బరు ముక్క నొక్కే పాత రకం బ్రేకులున్న సైకిలు మీద ఆ దిగుడు ఒక్క ఊపున దిగవద్దు: బ్రేకు నొక్కే ఉంచితే రిమ్ము వేడెక్కి ట్యూబు పేలే ప్రమాదం ఉంది. వెనక, ముందు మార్చి మార్చి నొక్కుతూ, మధ్యలో ఆగి, చక్రాన్ని చల్లారనిచ్చి కదలాలి. దోనుబాయి వైపు దారి ఇంత కఠినంగా ఉండదు గానీ అక్కడా ఘాట్ మలుపులున్నాయి. పొడుగు దారి, అడవి దారి కావాలనుకుంటే అదే. వానాకాలం ముగిసే రోజుల్లో మెట్టుగూడ జలపాతం దగ్గర ఆగి కాళ్లు తడుపుకోవచ్చు.

ఇక ఏనుగుల సంగతి. ఒడిశా అడవుల నుంచి వచ్చిన మంద కొన్నేళ్లుగా సీతంపేట, భామిని, వీరఘట్టం, కొమరాడ ప్రాంతాల మధ్య తిరుగుతోంది. మనుషుల ప్రాణాలు పోయాయి, పంటలు పోయాయి. వీటిని వింతగా చూసే పట్నంవాళ్ల ఉత్సాహం ఆ ఊళ్లవాళ్లకు నచ్చదు. తెల్లవారకముందు, పొద్దుగుంకాక ఈ రోడ్ల మీద సైకిలు తొక్కవద్దు. సైకిలుకు చప్పుడు ఉండదు. మామూలుగా అది గొప్పే, ఏనుగున్న మలుపులో అదే ముప్పు. పాలకొండలోనో సీతంపేటలోనో టీ కొట్టు దగ్గర "మంద ఎటు ఉంది?" అని అడగండి. అటవీశాఖ సిబ్బంది ఊళ్లకు కబురు పంపుతూనే ఉంటారు కాబట్టి జవాబు దొరుకుతుంది. ఫలానా వైపు ఉందని చెబితే ఆ వైపు పోవడం మానుకోండి. మరో దారి ఎప్పుడూ ఉంటుంది.

వైను లేని లోటు తీర్చడానికి ఈ కొండల్లో జీలుగు కల్లు ఉంది. తెల్లవారుజామున దించినప్పుడు తియ్యగా ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ పులిసి నిషా పెరుగుతుంది. ముందు దిగుడు ఉన్నవాడు దాని జోలికి పోకపోవడం మంచిది. రాత్రికి అక్కడే ఉండేవాళ్ల సంగతి వేరు.

కొత్తూరు చేరాక వంశధార పక్కకు వస్తుంది. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ, అక్కడి నుంచి కిందికి వస్తే శ్రీముఖలింగం. తూర్పు గాంగుల కాలపు మూడు గుళ్లు, ముఖలింగేశ్వరుడిది, భీమేశ్వరుడిది, సోమేశ్వరుడిది, ఒకే ఊళ్లో చూడవచ్చు. కొండలో కాళ్లు అలిసినవాళ్లకు నది పక్కన చదునైన రోడ్డు దొరకడం ఈ దారిలోని రెండో వరం. రెండు రోజులు పెట్టుకుని, మొదటి రాత్రి సీతంపేటలో ఉండి, రెండో రోజు నది వెంట దిగేలా ఏర్పాటు చేసుకోవాలని నా సలహా. శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఆమదాలవలసలో ఉంది. అక్కడి నుంచి పాలకొండ ముప్పై కిలోమీటర్లకు పైనే కాబట్టి మొదటి రోజు పొద్దున్నే బయల్దేరాలి.

మందస: జీడితోటల నీడ

మహేంద్రగిరి 1501 మీటర్ల ఎత్తుతో ఒడిశా వైపు నిలబడి ఉంటుంది. దాని పాదాల దగ్గర మన వైపున్న ఊరు మందస. పలాసలో రైలు దిగడం సుఖం. మందస రోడ్డు స్టేషను దగ్గరే గానీ అక్కడ ఆగే రైళ్లు తక్కువ. జాతీయ రహదారి మీద హరిపురం దగ్గర మందస వైపు తిరగగానే హోరు తగ్గిపోతుంది. ఆ రహదారి నుంచి ఇంత త్వరగా తప్పించుకునే మలుపు ఈ జిల్లాలో మరొకటి లేదేమో.

మందసలో వాసుదేవ పెరుమాళ్ గుడి ఉంది, కోట ఉంది, అన్నిటికంటే ముందు కోవా ఉంది. కోవా తిన్నాకే కొండవైపు కదలడం ఆచారం అనుకోండి. ఆ తర్వాత పడమటికి వెళ్లే పల్లెరోడ్లలో ఏది పట్టుకున్నా కాసేపటికి జీడితోటలు, ఆ వెనక సవర ఊళ్లు, ఆ వెనక కొండ. ఎక్కుడు మెల్లగా ఉంటుంది, రోడ్డు మాత్రం ఒకచోట నున్నగా, ఒకచోట కంకర తేలి ఉంటుంది. మహేంద్రగిరి శిఖరం దాకా సైకిలు మీద వెళ్లాలనుకునేవాళ్లకు ఇది దారి కాదు. బండ్లు వెళ్లే రోడ్డు ఒడిశా వైపు నుంచి ఉంది. శివరాత్రికి ఆ కొండకు జనం పోటెత్తుతారు కాబట్టి ఆ రెండు మూడు రోజులు మందస వైపు కూడా ప్రశాంతత ఆశించవద్దు.

ఎప్పుడు వెళ్లాలన్నది ఇక్కడ పెద్ద ప్రశ్న. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా జీడి పూత. చల్లటి గాలిలో ఆ వాసన తేలికగా, తియ్యగా ఉంటుంది. మార్చి నుంచి పిక్కల కాలం. అప్పుడు చెట్ల కింద ఎర్రటి, పసుపుపచ్చటి పళ్లు గుట్టలుగా కనిపిస్తాయి. పిక్క తుంచుకుని పండును అక్కడే వదిలేస్తారు, అది నేల మీదే పులిసిపోతుంది. గోవాలో ఇదే పండు నుంచి ఫెని తీస్తారు. ఇక్కడ ఈగలకు విందు. పచ్చి పిక్కను పళ్లతో కొరికి చూడాలని ఎవరికైనా సరదా పుడితే ఆపండి: తొక్కలోని నూనె పెదవిని, చర్మాన్ని కాల్చేస్తుంది. పలాస కార్ఖానాల్లో పిక్కను వేడిచేసి ఒలవడానికి కారణం అదే. ఏప్రిల్ దాటితే ఎండ భరించలేం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఇక్కడి చెట్లను నేలకూల్చింది కాబట్టి పాత మ్యాపుల్లో పచ్చగా కనిపించే ప్రతిచోటా నీడ ఉంటుందని లెక్కవేసుకోకూడదు. అందుకే ఫిబ్రవరి నెలాఖరు. పూత, పిందె, మొదటి పళ్లు మూడూ ఒకే చెట్టు మీద చూడవచ్చు, తలకు టోపీ ఉంటే చాలు.

సీతంపేటతో పోలిస్తే మందసలో అడవి తక్కువ, తోట ఎక్కువ. ఎక్కుడు తక్కువ, తిండి మెరుగు. ఒక్క రోజులో వెళ్లి వచ్చేయవచ్చు. గేర్లున్న మామూలు సైకిలు చాలు.

శృంగవరపుకోట నుంచి అనంతగిరి: ఎక్కుడే కావాలంటే

కాలి బలం చూసుకోవాలనుకునేవాళ్లు చివరికి అడిగేది ఈ దారినే. ఎస్.కోట దాటి, బొడ్డవర దాటాక ఘాట్ మొదలవుతుంది. అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంటే, దాన్ని చేరే రోడ్డు అంతకంటే పైకి ఎక్కి మళ్లీ దిగుతుంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే అల్లుకున్న మిరియం తీగలు. వాలు సేద్యం అనే మాటకు మన రాష్ట్రంలో ఇంతకు మించిన ఉదాహరణ లేదు. పైభాగం అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వస్తుంది గానీ, ఎక్కేది విజయనగరం నేల మీద నుంచే.

అందం విషయంలో దీనికి సాటి లేదు, ప్రశాంతత విషయంలో అడుగున నిలుస్తుంది. నవంబరు నుంచి జనవరి దాకా శని ఆదివారాల్లో విశాఖ కార్లన్నీ ఇక్కడే ఉంటాయి. మలుపులో ఓవర్‌టేకు చేసే కారు, దాని వెనక హారన్ కొట్టే బస్సు, లోపలి అంచున ఊపిరి బిగబట్టి తొక్కే మనం. వారం మధ్యలో, వెలుతురు రాగానే మొదలుపెట్టి, పదిగంటల లోపు పైకి చేరుకోగలిగితేనే వెళ్లండి. దిగేటప్పుడు సైకిలు తొక్కాల్సిన పనే లేదు, కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం ఇదే కొండల్లోంచి పోతుంది. ప్యాసింజరు బండిలో ఎస్.కోటకు వచ్చేయవచ్చు. సైకిలును బ్రేక్ వ్యానులో, అంటే సామాను వేసే పెట్టెలో, వేయడానికి పెద్ద స్టేషనులో ముందుగా బుక్ చేసుకోవాలి. చిన్న స్టేషన్లలో బండి ఆగేది క్షణాలే కాబట్టి అరకులోనే ఎక్కించండి.

వద్దనదగిన రెండు

సాలూరు నుంచి పాచిపెంట మీదుగా ఒడిశా ఎక్కే ఘాట్ ఫొటోల్లో చాలా బాగుంటుంది. కానీ అది 26వ నంబరు జాతీయ రహదారి, రాయ్‌పూర్ సరుకంతా విశాఖకు దిగే దారి. పైగా సాలూరు ఊరి బతుకే లారీల మీద. అక్కడ సైకిలుకు చోటు లేదు. ఆ ప్రాంతమే చూడాలనుకుంటే సాలూరు నుంచి మక్కువ వైపు తిరిగి, సువర్ణముఖి మీది వెంగళరాయసాగర్ దాకా వెళ్లండి. సంక్రాంతి తర్వాత వచ్చే శంబర పోలమాంబ జాతర రోజులు మాత్రం తప్పించుకోండి.

రెండోది టెక్కలి నుంచి మెళియాపుట్టి మీదుగా పాతపట్నం. మ్యాపు మీద చూస్తే ఎవరికైనా నోరూరుతుంది: కొండలు, చెరువులు, పక్కనే 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు మార్గం. ఆ మార్గం ఇప్పుడు బ్రాడ్‌గేజీ, గుణుపూర్ దాకా వెళ్తుంది. అయితే టెక్కలి నీలి గ్రానైటు పేరున్న సరుకు. కొండలోంచి కోసిన దిమ్మెలు ఈ రోడ్ల మీద లారీల్లోనే కదులుతాయి. ఒక్కో దిమ్మె గదంత ఉంటుంది. అంత బరువు వెళ్లిన రోడ్డు అంచు నిలవదు, సైకిలు నడవాల్సిన చోటే పెచ్చులూడిపోతుంది. ఈ వైపు వచ్చినవాళ్లు తేలినీలాపురం పక్షులను చూసి, అక్కడి పల్లెరోడ్లలో తిరిగి వెళ్లడం మేలు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఉంటాయి.

సైకిలు గురించి

సీతంపేటకూ అనంతగిరికీ ముందు 34 పళ్లు, వెనక 32 లేదా 34 పళ్ల గేరు ఉండాలి. మిగిలిన చోట్ల ఏదైనా ఫర్వాలేదు. టైరు 28 మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉంటే పల్లెరోడ్ల మీద నడుము విరుగుతుంది. 32 అయితే నిశ్చింత. తుమ్మముళ్లు ఎక్కువ కాబట్టి రెండు ట్యూబులు, ఒక పంపు ఉంచుకోండి. పెద్ద ఊళ్లలో పంక్చరు వేసేవాళ్లు ఉంటారు గానీ సన్నటి వాల్వు ఉన్న ట్యూబు వాళ్ల దగ్గర దొరకదు, వాళ్ల పంపు దానికి పట్టదు. పాలకొండ దాటితే డబ్బు నోట్ల రూపంలో దగ్గర పెట్టుకోండి, గూడల దగ్గర సిగ్నలు ఉండదు, ఫోనుతో చెల్లించే వీలు ఉండదు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. వాయుగుండం కబురు వినబడితే బయల్దేరవద్దు. కొండ గెడ్డలు (వాగులు) ఒక్క గంటలో పొంగి రోడ్డు మీదికి వస్తాయి, కల్వర్టు ఎక్కడ ఉందో కూడా తెలియదు.

ఇక తేల్చుకోవడం. ఒక్క పూట తీరిక ఉన్నవాళ్లకు ఆండ్ర. ఒక రోజు, తోటలు, మంచి తిండి కావాలంటే ఫిబ్రవరి చివర్లో మందస. రెండు రోజులు, సోమవారం కాని రోజు, ఏనుగుల మంద దూరంగా ఉందన్న కబురు, ఈ మూడూ కుదిరితే మరో ఆలోచన లేకుండా సీతంపేట. అనంతగిరి ఎక్కాలన్న పట్టుదల ఉన్నవాళ్లు ముందు ఆడలి ఎక్కి చూసుకోండి. అక్కడ దిగి నడిపించాల్సి వస్తే, అరకు ప్రయాణం మరో ఏడాదికి వాయిదా వేసుకోవడమే.